చిరాకు, కోపం, బాధ్యత: తెలుగు పదప్రయోగం ఆధారంగా ఒక నైతిక పరిశీలన

భారతీయ అలంకారశాస్త్రంలో క్రోధానికి స్థిరమైన స్థానం ఉంది. భరతుని నాట్యశాస్త్రం క్రోధాన్ని రౌద్రరసానికి స్థాయిభావంగా నిరూపించి, 33 వ్యభిచారిభావాలలో అమర్షం, ఉగ్రత, అసూయలను చేర్చింది. విద్యలోనో ఐశ్వర్యంలోనో బలంలోనో తనకంటె అధికులైనవారు అవమానించినప్పుడు పుట్టేది అమర్షం. దానికి కారణమూ ఉంది, ఆలంబనమూ ఉంది. నిత్యజీవితంలో వీటికంటె తరచుగా ఎదురయ్యే చిరాకుకు మాత్రం ఆ పట్టికలో ప్రత్యేకమైన పేరు లేదు. భగవద్గీత పదహారవ అధ్యాయం కామక్రోధలోభాలను నరకద్వారాలుగా పేర్కొన్నది. రసస్థాయికి ఎదగని, క్రోధమని పిలవడానికి చాలని ఈ చిన్న భావానికి మనిషి ఎంతవరకు బాధ్యుడు? తెలుగు పదాల ప్రయోగం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కోపానికీ చిరాకుకూ గల భేదం తీవ్రతలో లేదు, కారణంలో ఉంది. “ఎందుకు కోపం?” అన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. “ఎందుకు చిరాకు?” అంటే “ఊరికే” అన్నా సరిపోతుంది. ఉక్కపోతకు ఒళ్ళు చిరాకుగా ఉంటుంది. నిద్ర చాలకపోతే మనసు చిరాకుగా ఉంటుంది. కోపం ఒకరి మీద వస్తుంది. చిరాకు ముందు ఉండి, ఎదురుపడినవారి మీద పడుతుంది. సరైన విషయంలో, సరైన వ్యక్తి మీద, సరైన కాలంలో, తగినంతమేరకు కోపించడం ప్రశంసనీయమని అరిస్టాటిల్ నికోమేకియన్ నీతిశాస్త్రం నాలుగవ భాగంలో ప్రతిపాదించాడు. ఈ కొలత చిరాకుకు వర్తించదు. విషయమే లేని భావానికి సరైన విషయం ఏది?

అయితే చిరాకుకు నీతితో పొత్తు లేదనడం తొందరపాటు. “అతనికి విసుగు పుట్టింది”, “అతనికి చిరాకు కలిగింది” అన్న వాక్యాలలో భావం కర్త. మనిషి ‘కు’ ప్రత్యయంతో అనుభోక్తగా నిలుస్తాడు. “అతడు విసుక్కున్నాడు”, “అతడు పిల్లవాణ్ణి కసురుకున్నాడు” అన్నప్పుడు ఆ మనిషే కర్త అవుతాడు. మొదటిది జరిగినది, రెండవది చేసినది. ఈ భేదం చిరాకుకే పరిమితం కాదు. “కోపం వచ్చింది”, “కోపగించుకున్నాడు” అన్న జంటలోనూ ఉంది. వ్యాకరణం నైతిక తీర్పు చెప్పదు. కాని ఏ చోట తీర్పు సాధ్యమో ఈ జంటలు చూపుతాయి. విసుగు పుట్టినందుకు ఎవరినీ నిందించలేము, విసుక్కున్నందుకు నిందించగలము. విసుక్కొను, కసురుకొను అన్న క్రియలలోని ‘కొను’ ఆత్మార్థకమన్న సంగతి కూడా ఆలోచింపదగినది. మాట తగిలేది ఎదుటివారికి. భారం దిగేది అన్నవారికి.

ఈ పదాల వినియోగం అందరికీ సమానం కాదు. పై అధికారి గుమాస్తాను కసురుకుంటాడు, గుమాస్తా గొణుగుతాడు. అత్త కసురుతుంది, కోడలు సణుగుతుంది. గుమాస్తా అధికారిని కసిరాడంటే అది ఒక వింత వార్త. ఆటలో ఓడి ఏడ్చే పిల్లవాడు ఉడుకుమోతు. ఏమీ చేయలేనివాని కోపం ఉక్రోషం. అలకకు ఓదార్చేవారుండాలి. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ అలక కావ్యవస్తువు కాగలిగింది, తీర్చడానికి శ్రీకృష్ణుడు ఉన్నాడు గనుక. పెండ్లిలో అలకపానుపు ఎక్కేది అల్లుడు. కోరిక తీర్చేవారు ఎదురుగా లేనివారికి అలిగే వీలు లేదు.

తెలుగులో ఈ భావాన్ని తెలిపే ధ్వన్యనుకరణాలు అనేకం: చిటపట, రుసరుస, ధుమధుమ, చిర్రుబుర్రు. నూనెలో ఆవాలు చిటపటలాడినట్లే మనిషీ చిటపటలాడుతాడు. ఇవి భాషకు అందాన్నిచ్చే పదాలే. కాని ఇవి మాటలోని శబ్దాన్ని పట్టుకొని అర్థాన్ని వదిలిపెడతాయి. తెల్లవారుజామున లేచి ఇంటిపని ముగించి, తనకు అన్నం మిగలలేదని చెప్పిన కోడలి మాటను “రుసరుస” అన్నప్పుడు, ఆ మాటలోని ఆరోపణ మాయమై ధ్వని మాత్రమే మిగులుతుంది. కారణమున్న కోపం కారణం లేని చిరాకుగా మారిపోతుంది. అదే ఇంటిలో యజమాని అకారణంగా కేకలు వేస్తే “ఆయన చిరాకులో ఉన్నారు” అంటారు. అక్కడ ఆ పదం క్షమాపణ; ఇక్కడ అదే జాతి పదం నిరాకరణ.

అలసట, ఆకలి, రోగం మనిషి నిగ్రహాన్ని తగ్గిస్తాయి గదా, అప్పుడు కసురు కూడా క్షమార్హమే గదా అని ఆక్షేపించవచ్చు. తగ్గిస్తాయన్నది నిజమే. కాని గుమాస్తాను కసిరిన అధికారి అదే గడియలో తన పై అధికారి ఎదుట వినయంగా నిలబడతాడు. మనిషిని బట్టి అదుపు మారుతున్నదంటే నిగ్రహశక్తి మిగిలే ఉన్నదని అర్థం. ఎదిరించలేనివారి మీదనే చిరాకు పడుతున్నంతవరకు అలసట పూర్తి సమాధానం కాజాలదు. ఎదుట ఎవరున్నా తనను అదుపు చేసుకోలేని రోగి విషయం వేరు.

కాబట్టి చిరాకు కలగడం దోషం కాదు. దానిని ఎవరి మీద దించుకుంటున్నామన్నది నైతిక విషయం. ఎదుటివారి భావానికి పేరు పెట్టడం కూడా ఆ కోవలోనిదే. “నాకు చిరాకుగా ఉంది” అని తన గురించి చెప్పుకొనే మాట ఎదుటివారికి ముందస్తు హెచ్చరిక కావచ్చు. “ఆమెకు ఊరికే చిరాకు” అన్న మాట మాత్రం ఒక తీర్పు. ఆ ‘ఊరికే’ అనే ముందు, కారణం అడిగి ఉండడం కనీస న్యాయం.