గల్లాపెట్టె వెనక నిలబడినవాడు

2009 మే నెలలో ఓక్లహోమా సిటీలోని ఒక మందుల షాపు మీదికి ఇద్దరు కుర్రాళ్లు దోపిడీకి వచ్చారు. ఒకడి చేతిలో తుపాకీ ఉంది. కౌంటర్ వెనకున్న ఫార్మసిస్టు తన తుపాకీ తీసి కాల్చాడు. గుండు రెండోవాడి తలకు తగిలింది. వాడికి పదహారేళ్లు, చేతిలో ఆయుధం లేదు. తుపాకీ ఉన్నవాడు పారిపోయాడు. ఫార్మసిస్టు కొంతదూరం వెంటబడి తిరిగొచ్చి, నేల మీద పడివున్న కుర్రాణ్ని దాటుకుని వెళ్లి, సొరుగులోంచి ఇంకో తుపాకీ తీసి వాణ్ని మరో 5 సార్లు కాల్చాడు. అదంతా షాపు కెమెరాకు చిక్కింది. మొదటి గుండును ప్రాసిక్యూటర్లు కూడా తప్పుపట్టలేదు. తర్వాతి అయిదింటికి 2011లో జ్యూరీ హత్యానేరం నిర్ధారించింది. యావజ్జీవ శిక్ష పడింది.

ఆ మొదటి గుండుకూ తర్వాతి అయిదింటికీ మధ్య నిమిషం కూడా లేదు. నన్ను వదలనిది ఆ కాస్త వ్యవధే. సొరుగు దగ్గరికి పోతూ అతను కుర్రాడికి వీపు తిప్పాడు. భయమున్నవాడు అలా తిప్పడు. అంటే అప్పటికే భయం పోయింది, కోపం మిగిలింది. అయినా అతన్ని రాక్షసుడనుకోలేను. మొహం మీద తుపాకీ చూసినవాడి ఒంట్లో వణుకు, ప్రమాదం తప్పిందని తెలిసిన మరుక్షణమే ఆగిపోదు. చట్టం మాత్రం అక్కడే ఆగమంటుంది. మన భారతీయ న్యాయ సంహితా అంతే: దోపిడీని ఎదిరించడంలో ప్రాణం తీసేదాకా హక్కు ఇస్తుంది, కానీ ఆ భయం ఉన్నంతసేపే, అవసరమైనంత మేరకే.

ఎమ్మెస్ చదువుకని అమెరికా వచ్చి, అద్దె కోసం, అప్పు కోసం రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్లలో అలాంటి కౌంటర్ల వెనకే నిలబడే మన పిల్లలున్నారు. అలాంటి కుర్రాడొకడు నన్నడిగాడు: "అన్నా, నేనూ ఒక గన్ కొనుక్కోమంటావా?" విద్యార్థి వీసా మీద ఉన్నవాడు తుపాకీ దగ్గరుంచుకోవడమే, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, అమెరికాలో నేరం. ఆ మాట చెప్పాను. కానీ వాడి మనసులో ఉన్నది వేరు. తుపాకీ చూపించి అడిగినవాడికి డబ్బిచ్చి పంపిస్తే పిరికివాణ్నవుతానా అని.

అవవు. చేతులు కనబడేలా పెట్టు, "సొరుగు తీస్తున్నా" అని చెప్పి తియ్యి, ఉన్నదంతా ఇచ్చెయ్యి, తలుపు దాకా కూడా వెంటబడకు. డబ్బిచ్చాక కూడా కాల్చినవాళ్లున్నారు, నిజమే. వాడు ప్రాణం మీదికే వస్తే అప్పుడు చేతికందిన దానితో తిరగబడు, అది నీ హక్కు. గల్లాలో నోట్ల కోసం మాత్రం వద్దు. వాడి తుపాకీకి నీ రోషం ఎదురు నిలవదు, ఊళ్లో నీకోసం ఎదురుచూసేవాళ్లకు ఆ రోషం పనికిరాదు.

అసలు ఆ క్షణం రాకుండా చూడాల్సింది యజమాని. ఫ్లోరిడా ఈ పని చట్టంగానే పెట్టింది. రాత్రి గల్లాలో 50 డాలర్లకు మించి ఉండదని బోర్డు, మిగతాది వేయడానికి డ్రాప్ సేఫ్, బయట వెలుతురు, లోపలి మనిషి రోడ్డు మీదికి కనబడేలా అద్దాలు, వచ్చినవాడి ఎత్తు పోల్చుకోవడానికి తలుపు పక్కన కొలత గుర్తులు. ఆ రాష్ట్రంలోని గెయిన్స్‌విల్ నగరం 1980లలోనే రాత్రిపూట కౌంటర్‌లో ఇద్దరుండాలని శాసించింది. స్టోర్లు నడిపేవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. రెండో మనిషి జీతం బరువేనని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను: రాత్రి షిఫ్టులో ఆ పిల్లాణ్ని ఒక్కణ్నే పెట్టకండి.