అంత్యేష్టి

ఇష్టి యనగా యజ్ఞము. జీవితమంతయు అగ్నిలో హవిస్సులు వ్రేల్చిన గృహస్థు తుదకు తన దేహమునే హవిస్సుగా సమర్పించుట అంత్యేష్టి. కనుకనే శవమునకు స్నానము, నూతన వస్త్రము, మంత్రము.

2021లో మహమ్మారి వేళ తండ్రి మరణింపగా, విదేశమునుండి రాలేకపోయిన కుమారుడొకడు మరుసటి యేడు స్వగ్రామమునకు వచ్చి, "శాస్త్రిగారూ, కొరివి పెట్టలేకపోతిని. నాన్నగారికి సద్గతి కలుగునా?" యని కంట తడిపెట్టెను. దహనము చేసినవారెవరో కూడ అతడెరుగడు.

దశరథునకు నలుగురు కుమారులు. వారిలో రామలక్ష్మణులు అడవిలో, భరతశత్రుఘ్నులు మేనమామ యింట నుండగా ఆయన ప్రాణము విడిచెను. భరతుడు వచ్చువరకు దేహమును తైలద్రోణిలో నుంచవలసి వచ్చినది. జ్యేష్ఠుడైన రాముడు ఆ చితిని కన్నులారనైనను చూడలేదు. చిత్రకూటమున భరతుని నోట వార్త విని, మందాకినిలో ఉదకమిచ్చి, ఇంగుదపు పిండిలో రేగుపండ్లు కలిపి దర్భలపై పిండముంచెను. అడవిలో తాను తినునది అదియే గదా! తరువాత జటాయువు కన్నుమూసినప్పుడు, ఆ పక్షిని తండ్రితో సమానునిగా నెంచి, తానే చితికి నిప్పంటించి, గోదావరిలో తర్పణము విడిచెను. పక్షికి మంత్రమేల యని శంకింపలేదు.

ఆ కుమారునకు ఈ కథయే చెప్పితిని. కొరివి పెట్టిన యా పుణ్యాత్ముని వెదకి నమస్కరింపుమంటిని. "మా యూర గోదావరి లేదు గదా" యనెను. ఏ నీరైనను చాలునంటిని. నల్లనువ్వులు మాత్రము మా యింటినుండియే మూటగట్టి యిచ్చితిని.