ప్రస్థాన ధర్మం

ఒక చిన్న సంస్థకు పేరు తెచ్చిన వ్యక్తిని అంతకన్నా పెద్ద సంస్థ రమ్మన్నప్పుడు అతడు వెళ్ళిపోవడం ధర్మమా కాదా అన్నది పైకి ఉద్యోగానికి సంబంధించిన లౌకిక విషయంగా కనిపిస్తుంది గాని, లోతుగా చూస్తే అది ఋణం, ఇచ్చిన మాట, దైవసంకల్పం అన్న మూడు భావాలనూ ఒకేసారి పరీక్షకు పెట్టే తాత్త్విక ప్రశ్న. తన శక్తిని పూర్తిగా వినియోగించుకునే హక్కు మనిషికి ఎంతవరకు ఉంటుంది, అతడిని నమ్ముకున్నవారి ఆశ ఆ హక్కుకు ఎక్కడ హద్దు గీస్తుంది, దేవుడే తనను ఒకచోటికి పంపాడని చెప్పినవాడు మరొకచోటికి కదిలితే ఆ మాటకు ఏ అర్థం మిగులుతుంది అన్నవి ఇందులోని మూడు పాయలు.

ఈ విచారణకు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం ఎంతో అనువైన చోటు, ఎందుకంటే ఆ ఊరు ఎదిగిందే సొంత ఊళ్ళు వదిలి వచ్చినవారితో. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అంటే పాతతరం వారు బీఎన్ఆర్ అని పిలుచుకునే సంస్థ, పందొమ్మిదో శతాబ్దపు చివరి ఏళ్ళలో అక్కడ జంక్షన్‌ను, ఆ వెంటనే ఇంజన్లకూ బోగీలకూ మరమ్మతులు చేసే పెద్ద వర్క్‌షాప్‌ను నెలకొల్పినప్పుడు, ఉత్తరాంధ్ర నుంచీ గంజాం నుంచీ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో వలస వచ్చి, గోల్‌బజార్, మథురాకాఠీ, నింపురా వంటి పేటలలో స్థిరపడ్డాయి. ఆ కుటుంబాలు మాతా పూజలనూ బాలాజీ మందిరాన్నీ తమ భాషనూ నిలుపుకున్న తీరు ఎంత బలమైనదంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ప్రధానంగా ఈ పట్టణంలోని తెలుగువారే కారణమయ్యారు. బదిలీ ఉత్తర్వు వస్తే క్వార్టర్ ఖాళీ చేయడం, పదవీ విరమణ తరువాత ఎక్కడ ఉండాలో మళ్ళీ తేల్చుకోవడం నిత్యానుభవమైన ఈ సమాజం వెళ్ళిపోవడాన్ని దానికదే పాపమని అనలేదు, ఎందుకంటే ఆ తీర్పు ముందుగా తన తాతముత్తాతల మీదనే పడుతుంది.

ఆ పట్టణంలోనే ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉన్నది. క్రీడాకారుల కోటాలో రైల్వే ఉద్యోగం పొందిన మహేంద్రసింగ్ ధోని 2001 నుంచి కొంతకాలం ఖరగ్‌పూర్‌లో టీటీఈగా, అంటే రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగిగా పనిచేసి, ఆ పనిని వదిలి 2004 డిసెంబరులో భారత జట్టులో చేరి, 2007లోనూ 2011లోనూ ప్రపంచ కప్పులు గెలిచిన నాయకుడయ్యారు. ఆయన వెళ్ళిపోవడాన్ని ఖరగ్‌పూర్ ద్రోహంగా చూడలేదు సరికదా, తన ప్లాట్‌ఫారం మీద నడిచిన మనిషిగా ఆయనను గర్వంగా చెప్పుకుంటుంది. రైల్వేకూ ఆయనకూ మధ్య ఉన్నది పనికి జీతం అన్న ఒప్పందమే. ఆ పట్టణాన్ని ఉద్ధరిస్తానని ఆయన ఎవరికీ మాట ఇవ్వలేదు, ఆ మాటను నమ్మి ఎవరూ తమ జీవితాన్ని మలుచుకోలేదు. ఒప్పందం ముగిసినచోట కృతజ్ఞత మిగలవచ్చు, కట్టుబాటు మిగలదు.

అమెరికాలో డియాన్ శాండర్స్ విషయం ఇంత తేలికగా తెగలేదు. బానిసత్వం రద్దయిన తరువాత కూడా తెల్లవారి కళాశాలల తలుపులు మూసి ఉన్న కాలంలో నల్లజాతి యువత చదువు కోసం వెలసిన సంస్థలను అక్కడ చారిత్రక నల్లజాతి కళాశాలలు అంటారు. 1964కు ముందు ఆ ఉద్దేశంతో స్థాపితమైనవాటికి ఆ పేరు చట్టపరంగా వర్తిస్తుంది. అటువంటివాటిలో ఒకటైన జాక్సన్ స్టేట్ విశ్వవిద్యాలయం 1877లో బాప్టిస్టు మిషన్ సంఘం చేతుల మీదుగా మిసిసిపీ రాష్ట్రంలో పుట్టింది. బంతిని ప్రధానంగా చేతులతో పట్టి ముందుకు తీసుకుపోయే అమెరికన్ ఫుట్‌బాల్‌లో మహా క్రీడాకారుడిగా వెలిగిన శాండర్స్ 2020 సెప్టెంబరులో ఆ విశ్వవిద్యాలయ జట్టుకు కోచ్‌గా వచ్చి, ఆ పనికి దేవుడే తనను పిలిచాడని బహిరంగంగా చెప్పారు. 2021లోనూ 2022లోనూ ఆ జట్టు తన మండల పోటీలలో విజేతగా నిలిచింది. దేశమంతటా పేరుమోసిన యువ ఆటగాడు ట్రావిస్ హంటర్ సంపన్న విశ్వవిద్యాలయాన్ని కాదని అక్కడ చేరాడు. జట్టు వసతుల నిర్మాణం పూర్తికావడానికి శాండర్స్ తన జీతంలో సగం ఇస్తానని ప్రకటించారు. 2022 డిసెంబరు 3న మండల విజేతగా నిలిచిన రోజునే ఆయన కొలరాడో విశ్వవిద్యాలయానికి వెళ్తున్నట్లు తెలిసింది. ఏడాదికి సుమారు 3 లక్షల డాలర్ల జీతం నుంచి ఐదేళ్ళకు 2 కోట్ల 95 లక్షల డాలర్ల ఒప్పందానికి మారిన ఆ ప్రయాణంలో హంటర్‌తోపాటు శాండర్స్ కుమారుడు షెడ్యూర్ కూడా ఆయన వెంట వెళ్ళారు.

ఈ నిష్క్రమణపై వచ్చిన రెండు వాదాలకూ బలం ఉన్నది. పెద్ద విశ్వవిద్యాలయాలలో ప్రధాన కోచ్ పదవి నల్లజాతివారికి అరుదుగా దక్కే దేశంలో, ఆ అవకాశం వచ్చిన ఒక నల్లజాతి వ్యక్తిని నీవు మాత్రం చిన్నచోటనే ఉండిపోవాలని అడగడం పాత వివక్షకే త్యాగమన్న కొత్త పేరు పెట్టడం అవుతుందని ఒక పక్షం అన్నది. దైవకార్యమని చెప్పి యువకులనూ వారి తల్లిదండ్రులనూ ఒక పేద సంస్థ వైపు తిప్పినవాడు మూడేళ్ళయినా నిండకుండానే వెళ్ళిపోతే, ఆ సంస్థ ఎవరో పైకెక్కడానికి వాడుకునే మెట్టు అన్న చులకన భావం మరింత గట్టిపడుతుందని రెండో పక్షం బాధపడింది. మొదటి వాదం వెళ్ళేవాడి హక్కును చూస్తున్నది, రెండోది మిగిలినవారి నమ్మకాన్ని చూస్తున్నది. రెండింటినీ కలిపి తూచగల కొలత కావాలి.

ఆ కొలతకు మొదటి ఆధారం ఋణత్రయమనే భావంలో దొరుకుతుంది. మనిషి ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడి పుడతాడని తైత్తిరీయ సంహిత చెప్పిన ఈ సిద్ధాంతంలో గమనించవలసిన విశేషం, ఆ అప్పు తీరే విధానం. ఋషుల ఋణం విద్యను అభ్యసించి నిలపడం వల్ల, పితృఋణం సంతానాన్ని కని పెంచడం వల్ల తీరుతాయి గాని, ఇచ్చినవారి ఎదుట జీవితాంతం చేతులు కట్టుకుని నిలబడడం వల్ల తీరవు. ఋణం వెనక్కి కాక ముందుకు చెల్లుతుంది. కనుక పెంచిన చోటును వదలడమే కృతఘ్నత అన్న అభిప్రాయానికి ఈ సిద్ధాంతంలో చోటు లేదు. తనకు అందినదాన్ని తరువాతివారికి అందించకపోవడమే కృతఘ్నత.

అయితే ఋణం వేరు, ఆశ్రితుల పట్ల బాధ్యత వేరు. మన సాహిత్యంలో నిష్క్రమణను గురించి అత్యంత లోతుగా ఆలోచించిన భాగం మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వం. స్వర్గద్వారం దగ్గర ఇంద్రుడు రథమెక్కమన్నప్పుడు, తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి రానని ధర్మరాజు నిలిచిపోయిన ఘట్టం అందరికీ గుర్తుంటుంది గాని, ఆ పర్వపు ఆరంభం అంతగా చర్చకు రాదు. రాజ్యం వదలాలని నిశ్చయించిన ధర్మరాజు పరీక్షిత్తుకు పట్టాభిషేకం చేసి, రాజ్యభారం చూసే పని యుయుత్సుడికి, శిక్షణనిచ్చే పని కృపాచార్యుడికి అప్పగించి, వెళ్ళవద్దని వేడుకున్న ప్రజలను ఒప్పించిన తరువాతనే అడుగు బయట పెడతాడు. ఈ రెండు ఘట్టాలనూ కలిపి చదివితే ఒక పూర్తి నియమం కనిపిస్తుంది: వెళ్ళేవాడు తన స్థానంలో తగినవారిని నిలపాలి, మిగిలేవారికి ముఖాముఖి సమాధానం చెప్పాలి, తనను నమ్మినవారిని విడవడమే షరతుగా వచ్చిన పదవి స్వర్గమే అయినా దాన్ని నిరాకరించాలి. ధర్మరాజు సింహాసనాన్ని వదలగలిగాడు, కుక్కను వదలలేకపోయాడు; పదవిని విడవడానికీ ఆశ్రితుణ్ణి విడవడానికీ మధ్య ధర్మం గీసిన గీత అదే.

ఇక దైవసంకల్పపు మాట. దేవుడు పిలిచాడని ఒకరు చెప్పినప్పుడు దాన్ని బయటివారు పరిశీలించి తేల్చే మార్గం లేదు. అందువల్లనే ఆ మాట పలికినవాడి మీద మామూలు మనిషి మీద లేనంత భారం పడుతుంది. పిలుపు కథలలో సాధారణంగా కనిపించే లక్షణం, అది మనిషిని సుఖం నుంచి కష్టం వైపు నడిపించడం: మిద్యాను దేశంలో మామ మందలు కాచుకుంటూ క్షేమంగా ఉన్న మోషే తన ప్రాణానికి ముప్పు ఉండిన ఐగుప్తుకే తిరిగి వెళ్ళవలసి వచ్చింది, సిద్ధార్థుడు రాజభవనం వదిలి భిక్షాపాత్ర పట్టాడు. లాభం కలిగినంత మాత్రాన పిలుపు అబద్ధమైపోదు. కాని ప్రతి పిలుపూ లాభం ఉన్న దిక్కు నుంచే వినిపిస్తుంటే, వినేవారికి కలిగే సందేహాన్ని అపచారమనలేము. శ్రేష్ఠుడు ఆచరించినదాన్నే లోకం అనుసరిస్తుందని భగవద్గీత లోకసంగ్రహాన్ని గురించి, అంటే లోకాన్ని నిలిపి ఉంచే బాధ్యతను గురించి చెబుతూ హెచ్చరించింది. తన ఆశకు దేవుడి పేరు పెట్టుకునే అలవాటు శ్రేష్ఠుడి నుంచి అనుచరులకు పాకితే నష్టపోయేది దైవభావనే. అందువల్ల తన నిర్ణయాన్ని తన నిర్ణయంగానే చెప్పుకోవడం భక్తికి లోపం కాదు, భక్తికి రక్ష.

పెద్ద పదవికి వెళ్ళి కూడా మాట నిలుపుకోవడం సాధ్యమేనా అంటే, ఖరగ్‌పూర్ కార్మిక చరిత్రే సాధ్యమని జవాబిస్తుంది. 1927లో అక్కడి వర్క్‌షాప్‌లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా సాగిన సమ్మెను నడిపినవారిలో ముఖ్యుడైన వరాహగిరి వెంకటగిరి ఆ పట్టణంలోనే ఉండిపోలేదు. 1937లో మద్రాసు ప్రభుత్వంలో మంత్రి అయ్యారు, 1952లో శ్రీకాకుళం ప్రాంతపు పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉన్నారు, చివరకు 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆ నడక అంతా కలిపితే, పెద్ద అవకాశాల వెంట వెళ్ళిన మనిషి కథగానే దాన్ని చెప్పవచ్చు. కాని బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై కార్మిక న్యాయస్థానం ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే సవరించి తగ్గించినప్పుడు, 1954లో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. కార్మికులు నమ్మిన మాటకూ పదవికీ పొత్తు కుదరనప్పుడు ఆయన వదిలినది పదవిని. ఖరగ్‌పూర్‌ను విడిచిన మనిషి ఖరగ్‌పూర్‌లో మోసిన బాధ్యతను విడవలేదు.

ధర్మం వెళ్ళేవాడికి మాత్రమే లేదు, సంస్థకు కూడా ఉన్నది. గ్రాంబ్లింగ్ స్టేట్ అనే మరో నల్లజాతి కళాశాలలో ఎడ్డీ రాబిన్సన్ 1941 నుంచి 1997 వరకు కోచ్‌గా ఉండి 408 విజయాలు సాధించిన చరిత్ర ఉన్నది. అటువంటి నిలకడ ఆరాధించదగినదే గాని, దాన్ని అందరిపైనా విధిగా మోపడం న్యాయం కాదు. శాండర్స్ వెళ్ళిన తరువాత జాక్సన్ స్టేట్ తన పూర్వ విద్యార్థీ, తన శిక్షకబృందంలోనివాడూ అయిన టి.సి. టేలర్‌కు జట్టును అప్పగించింది. శాండర్స్ కాలంలో రెండుసార్లు చేజారిన సెలబ్రేషన్ బౌల్‌ను, అంటే చారిత్రక నల్లజాతి కళాశాలల జాతీయ విజేతను తేల్చే ఆటను, 2024 డిసెంబరులో అదే జట్టు ఆయన శిక్షణలో గెలిచింది. బయటి నుంచి వచ్చిన వెలుగును స్వాగతిస్తూనే ఇంట్లో దీపం వెలిగించడం నేర్చిన సంస్థను ఎవరి నిష్క్రమణా అనాథను చేయలేదు.

శాండర్స్ వెళ్ళడంలో అధర్మం లేదు. డిసెంబరు 3 తరువాత మిగిలిన ఆఖరి ఆట వరకు జట్టు వెంట నిలవడం ఆయన పక్షాన చెప్పవలసిన మాట. లోపం ఉన్నదల్లా, మనుషుల మధ్య కుదిరే పనికి దైవనియోగపు భాష వాడి, ఒక పేద సంస్థను నమ్ముకున్నవారిలో ఆ భాష మోయలేనంత ఆశను పెంచడంలో ఉన్నది. ఖరగ్‌పూర్ వంటి పట్టణాల నుంచి ప్రతి ఏటా చదువుకో ఉద్యోగానికో దూరం వెళ్ళే తెలుగు పిల్లలకు పెద్దలు నేర్పవలసిన ధర్మం కూడా ఇంతే: నెరవేర్చలేని మాట ఇవ్వకుండా ఉండాలి, ఇచ్చిన మాటను దూరం నుంచైనా తీర్చాలి, తన వెనుక వచ్చేవారికి దారి తెరిచి ఉంచాలి. ఈ మూడూ చేసినవారు ఎంత దూరం వెళ్ళినా వారిని పంపిన సమాజానికి నష్టం లేదు. ఈ మూడూ చేయనివారు కదలకుండా ఊళ్ళోనే ఉండిపోయినా దానికి లాభం లేదు.