కనబడలేదు అంటే లేదనా?

కిందటేడాది నా దగ్గరకొచ్చిన ఒక ఫిర్యాదుని 'మళ్ళీ జరగలేదు' అని రాసి మూసేశాను. బిల్లులో 5 రూపాయల తేడా. 500కి 10 శాతం తగ్గించి, డెలివరీకి 50 కలిపితే 500. ముందే 50 కలిపి, ఆ తర్వాత తగ్గిస్తే 495. వరస తారుమారైంది, అంతే. నేను చూసినప్పుడల్లా సరిగ్గానే నడిచింది. నెల తర్వాత అదే తేడా చాలామంది బిల్లుల్లో తేలింది.

బడిలో స్థిత్యంతర ధర్మం చదివాం కదా, వరస మారినా గుణకారం మారదని. నాన్‌కమ్యుటేటివ్ జామెట్రీలో స్థలానికే ఆ ధర్మం ఉండదు. ఒక చోటు నిడివినీ వెడల్పునీ ఒకేసారి కచ్చితంగా చెప్పలేం. బిందువు ఉండాల్సిన చోట చిన్న మరక ఉంటుంది. 1939లో ఓపెన్‌హైమర్‌తో కలిసి నక్షత్రం కుప్పకూలడం గురించి రాసిన స్నైడరే, 1947లో ఇలాంటి స్థలాన్ని ప్రతిపాదించాడు. 2006లో నికొలీని, స్మైలాజిచ్, స్పల్లూచీ ఆ మరకని బ్లాక్ హోల్ నడిమధ్యన పెట్టి లెక్క కట్టారు. హాకింగ్ 1974లో చెప్పినదాని ప్రకారం బ్లాక్ హోల్ చిన్నదయ్యేకొద్దీ వేడెక్కి, చివరికి ఒక్క మెరుపై పోతుంది. వీళ్ళ లెక్కలో వేడి ఒక హద్దు దాకా పెరిగి, మళ్ళీ సున్నాకి దిగుతుంది. చల్లటి శేషం మిగులుతుంది.

ఇక్కడ మా చర్లపల్లి పక్కనున్న ఈసీఐఎల్, బార్క్ కోసం తయారుచేసిన 21 మీటర్ల మేస్ టెలిస్కోపు 2024 అక్టోబరులో లద్దాఖ్‌లోని హాన్లేలో ప్రారంభమైంది. గామా కిరణాలు గాలిలో పుట్టించే వెలుగుని పట్టుకుంటుంది. వేరే దేశాల్లో ఇలాంటి టెలిస్కోపులు ఆ ఆఖరి మెరుపు కోసం వెతికాయి. దొరకలేదు.

'చూశారా, శేషమే మిగిలింది!' అనేయొచ్చా? అనకూడదు. అంత చిన్న బ్లాక్ హోల్స్ అసలు పుట్టకపోయి ఉండొచ్చు. పైగా మరక ప్లాంక్ పొడవంత, అంటే మీటరులో 10 పక్కన 34 సున్నాలు పెట్టినన్నో వంతు ఉంటే, మెరుపు దాదాపు అలాగే ఉంటుంది, తేడా చిట్టచివరి క్షణంలోనే. మెరుపు కనబడితే మాత్రం, మరక ఎంతకన్నా పెద్దది కాదో తెలుస్తుంది. కనబడకపోవడం ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పదు.

కనబడనిదాన్ని ఊహించడం తప్పు కాదు. ఏది కనబడితే తన మాట వీగిపోతుందో ముందే చెప్పకపోవడం తప్పు. నేను చేసింది దానికి తిరగేసిన తప్పు: నాకు కనబడకపోవడాన్ని, అది లేకపోవడంగా రాసేశాను. ఇప్పుడు ఫిర్యాదు మూసేముందు ఒక వాక్యం అదనంగా రాస్తున్నాను: ఏ వరసల్లో చూశానో, ఏ వరసల్లో చూడలేదో.