చుందుడి వంటా, మన మౌనమూ

హైదరాబాద్‌లో ఎల్బీనగర్ చౌరస్తా ఊరు దాటిపోయేవాళ్లది. విజయవాడ వైపూ నాగార్జునసాగర్ వైపూ వెళ్లే రోడ్లు అక్కడే విడిపోతాయి. రాత్రి బస్సెక్కేలోగా ఏదో ఒకటి కడుపులో పడేసుకుందామనే జనం కోసం అక్కడినుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా బండ్లూ టిఫిన్ సెంటర్లూ వెలుగుతూనే ఉంటాయి. ఇలాంటి చోట తిన్నది చెడ్డదైతే దాని ఫలం అక్కడ కనిపించదు. స్టెఫిలోకాకస్ విషమైతే కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి, అప్పటికి బస్సు సూర్యాపేట దాటి ఉంటుంది. సాల్మొనెల్లాకు ఆరు గంటలు చాలు, ఒక్కోసారి ఆరు రోజులూ పట్టవచ్చు. అప్పటికి ఆ మనిషి అత్తగారింట్లోనో సాగర్ గట్టు మీదో ఉంటాడు. వండినవాడికి తిన్నవాడి గతి తెలియదు, తిన్నవాడికి మళ్లీ ఆ బండి దగ్గరికి వచ్చే పని ఉండదు. ఈ ఎడంలోకే ‘మన ఖర్మ’ అనే మాట వచ్చి కూర్చుంటుంది. సెలవుకు బయల్దేరి మంచాన పడ్డవాడు కోలుకున్నాక నోరు మూసుకుని ఊరుకుంటే అది సహనమా, తప్పా? తప్పేనని నేనంటాను.

ముందు ఖర్మ సంగతి. నేడు చేసిన యజ్ఞానికి ఫలం ఎప్పుడో వస్తుందంటే, ఈ రెంటికీ లంకె ఏమిటన్న ప్రశ్నకు మీమాంసకులు ‘అపూర్వం’ అనే కంటికి కనపడని శక్తిని ప్రతిపాదించారు. అయితే కనిపించే కారణం ఉండగా కనిపించనిదాన్ని కల్పించకూడదన్న నియమాన్నీ వాళ్లే గట్టిగా పట్టుకున్నారు. గంటల తరబడి ఎండ వేడిలో పెట్టిన పచ్చిగుడ్డు మయోనైజ్ కనిపించే కారణమే. 2024 అక్టోబరులో బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది, మరెందరో ఆసుపత్రి పాలయ్యారు. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. తనిఖీల్లో తేలిన విషయాలతో పాటు ప్రజలిచ్చిన ఫిర్యాదులు కూడా ఆ నిర్ణయానికి ఆధారమయ్యాయి. అంతకుముందు కడుపు పట్టుకుని ఊరుకున్నవాళ్లు ఎందరో మనకెప్పటికీ తెలియదు. కర్మ సిద్ధాంతాన్నే నమ్మినా, తిన్నవాడి పూర్వజన్మ తవ్వే ముందు వండినవాడి ఫ్రిజ్ తలుపు తీసి చూడటం న్యాయం.

దీనికి గట్టి ఆక్షేపణ బౌద్ధం వైపునుంచి రావచ్చు. బుద్ధుడు కుశినారకు నడిచిపోతూ పావాలో లోహకారుడు చుందుడి ఇంట భోంచేసి, నెత్తురు విరేచనాలతో తీవ్రంగా జబ్బుపడ్డాడని మహాపరినిబ్బాన సూత్రం చెబుతుంది. అక్కడ తిన్న సూకరమద్దవం అనే వంటకం పంది మాంసమా పుట్టగొడుగులా అన్న తగవు ఇంకా తెగలేదు, మనకది అవసరమూ లేదు. చుందుణ్ణి ఎవరూ నిందించకూడదని, ఆ భోజనం పెట్టడం అతనికి పుణ్యమేనని చెప్పమని బుద్ధుడు శిష్యుడు ఆనందుణ్ణి పురమాయించాడు. అంతటివాడే క్షమించగా, బతుకు కోసం బండి తోసుకునే మనిషి మీద మనం ఫిర్యాదు చేయాలా అని అడగవచ్చు. కానీ అదే కథలో, క్షమకు ముందే, మరో పని జరిగింది. ఆ వంటకాన్ని తనకు మాత్రమే వడ్డించమని, మిగిలినదాన్ని గొయ్యి తీసి పూడ్చమని బుద్ధుడు చెప్పాడు. తథాగతుడికి తప్ప మరొకరికి అది అరగదన్నది సూత్రం చెప్పే కారణం. కారణం ఏదైనా, ఆ పళ్లెం రెండో మనిషి దాకా పోలేదు. తన బాధను క్షమించే హక్కు బాధపడ్డవాడికి ఉంటుంది, రేపు అదే బండి దగ్గర నిలబడే పిల్లవాడి బాధను ముందుగానే క్షమించేసే హక్కు ఎక్కడిది? మౌనంగా వెళ్లిపోయినవాడు గొయ్యి తీయకుండా క్షమ ఒక్కటే పంచిపెడుతున్నాడు. అది చవకబారు ఉదారత.

అన్నాన్ని నిందించకూడదని తైత్తిరీయోపనిషత్తు వ్రతంగానే విధించింది కదా అనేవాళ్లుంటారు. అదే ఉపనిషత్తు అన్నాన్ని ప్రాణులు తినేదిగానూ ప్రాణులను తినేదిగానూ వర్ణించింది. ఆ రెండో ముఖాన్ని చూపడం నింద ఎలా అవుతుంది? అన్నం పరబ్రహ్మ స్వరూపమని నమ్మేవాడికి దాన్ని పాడుచేసినవాడి మీదే ఎక్కువ కోపం రావాలి. బయటి తిండే మానేస్తే సరి అనే మడివాదుల సలహా మాత్రం తేలిక సలహా. హాస్టల్ గదిలో పొయ్యి లేక, కోచింగ్ క్లాసుకూ క్లాసుకూ మధ్య తినే దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడికి అది పనికిరాదు. పైగా పాత మడి గిన్నె శుభ్రం కన్నా వండినవాడి కులాన్నే ఎక్కువ చూసింది.

చెప్పడానికి ముందు బతకాలి, నిజమే. లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, తలకొట్టి కొలిచి కలుపుకుని కొద్దికొద్దిగా తాగుతుండాలి. విరేచనంలో నెత్తురు, ఆగని జ్వరం, మూత్రం తగ్గడం కనిపిస్తే, పసిపిల్లలకూ గర్భిణులకూ అయితే ఇంకా ముందే, ఆసుపత్రికి పోవాలి. ఇలాంటి ఉప్పు-చక్కెర ద్రావణానికి వాడే ఓఆర్‌ఎస్ పేరును ప్యాకెట్ మీద రాసుకుని చక్కెర పానీయాలు అమ్మకూడదని ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించిందంటే, దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి విసుగు లేకుండా చెప్పడం ఉంది. చెబితే ఏమవుతుందిలే అనేవాళ్లకు అదో జవాబు.

ఇక బండివాడి పొట్ట కొట్టడం గురించి. ఆ భయం నిజమైనదే, అందుకే ఎలా చెబుతామన్నది ముఖ్యం. బండికే ఫోన్ చేసి చెప్పగలిగితే అదే మొదటి మాట కావాలి. ఆహార భద్రత అధికారికి రాస్తే ఏం తిన్నదీ, ఎన్ని గంటలకు తిన్నదీ, ఎప్పుడు వాంతులైనదీ రాయాలి తప్ప శాపనార్థాలు కాదు. 2006 ఆహార భద్రత చట్టంలో దుకాణం మూయించే ఆదేశాలతో పాటు సరిదిద్దుకోమనే నోటీసూ ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం బండివాడికి చోటు మీద హక్కు ఇచ్చింది. ఆ చోట చేయి కడుక్కునే కుళాయి లేకపోతే ఫిర్యాదు కాగితంలో నగరపాలక సంస్థ పేరు కూడా ఎక్కాల్సిందే, అదీ బండివాడి పేరు కన్నా పైన.