నేర్పు నేరమా? నిఘా నైతికతపై ఒక పరిశీలన

ప్రాచీన రాజనీతి రాజును ‘చారచక్షువు’ అన్నది. వేగులవారే అతని కన్నులు. ఆ కన్ను శత్రువు చేష్టలను కనిపెట్టేది. నేటి రాజ్యం కంప్యూటరు తెలిసినవాని చేష్ట కంటే ముందు అతని నేర్పునే శంకించవచ్చునా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

2010 ఏప్రిల్‌లో హైదరాబాదు ఇంజనీరు హరి కె. ప్రసాద్, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గోంగ్రిప్‌లతో కలిసి, ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం చేతికి చిక్కితే ఫలితాన్ని మార్చవచ్చునని ప్రదర్శించారు. యంత్రాన్ని ఇచ్చినవారి పేరు మాత్రం వెల్లడించలేదు. ఆగస్టు 21న ముంబయి పోలీసులు యంత్రం చోరీ కేసులో ప్రసాద్‌ను హైదరాబాదులోని ఆయన ఇంటివద్ద అరెస్టు చేశారు. వారం తరువాత బెయిలు లభించింది.

ఈ ఉదంతంలో రెండు ప్రశ్నలున్నాయి. యంత్రం ప్రభుత్వ అధీనం నుండి ఎలా బయటపడింది? ఇది విచారించదగినదే. యంత్రంలో లోపమున్నదా? దీనికి జవాబు దర్యాప్తు వల్ల కాదు, పరీక్ష వల్ల తేలుతుంది. మొదటి ప్రశ్నతో రెండవదానిని కప్పివేయడం ధర్మం కాదు.

బంగారంలో కల్తీని పట్టగల స్వర్ణకారునికి కల్తీ చేయడమూ తెలుసు. తెలివి ఒకటే, వేరుచేసేది సంకల్పం. సమాచార సాంకేతిక చట్టం ఈ భేదాన్ని గుర్తించింది. 2008 సవరణ తరువాత 66వ సెక్షన్, అనుమతి లేకుండా కంప్యూటరులో ప్రవేశించడం వంటి పనులను నిజాయితీ లేకుండా గాని, మోసపూరితంగా గాని చేసినప్పుడే నేరంగా పరిగణిస్తుంది. అయితే అదే చట్టంలోని 69వ సెక్షన్ సమాచారంపై నిఘాకు అధికారమిస్తుంది. 2018 డిసెంబరు 20న కేంద్ర హోం శాఖ ఆ అధికారాన్ని పది సంస్థలకు అప్పగించింది. శిక్షకు న్యాయస్థానంలో సంకల్పం రుజువు కావాలి. రహస్యంగా సాగే నిఘాకు శంక చాలు. ఆ శంకకు నేర్పు తప్ప మరో ఆధారం లేకపోతే, నేర్చుకోవడమే అనుమానాస్పదమవుతుంది.

నేరం జరిగేదాకా రాజ్యం చూస్తూ ఊరుకోవాలా అన్న ఆక్షేపణ తేలికైనది కాదు. దానికి సమాధానం 2017 నాటి పుట్టస్వామి తీర్పులో దొరుకుతుంది. గోప్యతలో జోక్యానికి చట్టబద్ధత, న్యాయమైన ప్రయోజనం, ఆ ప్రయోజనానికి తగిన పరిమితి ఉండాలని ఆ తీర్పు సూచించింది. ఆ కొలతకు నిలవాలంటే నిఘాకు ఒక నిర్దిష్టమైన చర్యో, ప్రయత్నమో ఆధారం కావాలి.

వరంగల్ వంటి విద్యానగరంలో సరదాకొద్దీ ప్రోగ్రాములను విప్పిచూసే విద్యార్థికి ఏదో ప్రభుత్వ వ్యవస్థలో లోపం కనబడవచ్చు. చెబితే తననే శంకిస్తారన్న భయంతో అతడు మౌనం వహిస్తే, లోపం అలాగే ఉండిపోతుంది. దుర్బుద్ధితో దానిని వెదికేవాడు ఎవరికీ చెప్పడు.