గొట్టం లోపలి అతుకు

ఫలాపేక్ష లేకుండా కర్మ చేయాలన్న భగవద్గీత ఉపదేశానికి గట్టి ఆక్షేపణ ఎదురయ్యేది నాస్తికుల గ్రంథాలలో కాదు, పనిముట్టు పట్టిన చేతిలో. జపం చేసేవాడు, దానం ఇచ్చేవాడు ఫలాన్ని మరచిపోవచ్చు, మరచిపోతే లోకం మెచ్చుకుంటుంది కూడా. కాని అధిక పీడనంతో ఆవిరి పారే ఉక్కు గొట్టాన్ని అతికేవాడు ఆ అతుకు నిలుస్తుందో లేదో తనకు పట్టదంటే, దానిని వైరాగ్యమని ఎవరూ అనరు, నిర్లక్ష్యమనే అంటారు. అలాంటప్పుడు వృత్తివిద్యలో నిష్కామకర్మ, అంటే కోరికతో ముడిపడని కర్మ, సాధ్యమేనా, లేక ఫలితం చెడితే ప్రాణాపాయం లేని పనులు చేసుకునేవారికే అది చెల్లుతుందా అన్నది విచారించవలసిన ప్రశ్న.

ఈ విచారణకు కోల్‌కతా తగిన చోటు. 1895-96లో న్యూయార్క్‌లో కర్మయోగం మీద ప్రసంగించిన వివేకానందుడు నెలకొల్పిన బేలూరు మఠం హుగ్లీ నదికి పడమటి ఒడ్డున ఉంది. రామకృష్ణ మిషన్ శిల్పమందిర అనే సాంకేతిక విద్యాలయం నడుస్తున్నది కూడా బేలూరులోనే. నదికి ఈవల సాల్ట్ లేక్‌లో, 1968లో ఏర్పడిన కేంద్ర సిబ్బంది శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది. దేశంలోని ఐ.టి.ఐ.లలో బోధించే వృత్తులకు పాఠ్యప్రణాళికలు అక్కడే రూపొందుతాయి, గొట్టాల వెల్డింగ్‌కు ప్రత్యేకించిన ఏడాది కోర్సు ఆ వృత్తులలో ఒకటి. తెలుగు జిల్లాలలో ఆ వృత్తి నేర్చుకునే కుర్రవాడు కూడా కోల్‌కతాలో తయారైన ప్రణాళికనే అనుసరిస్తాడు, ఆ సంగతి అతనికి తెలిసినా తెలియకపోయినా.

గొట్టాన్ని అతకడం రేకును అతకడం వంటిది కాదు. రేకును తిప్పి వెనకవైపు చూడవచ్చు, అవసరమైతే అటునుంచి కూడా అతకవచ్చు. సన్నని గొట్టం లోపలికి చెయ్యి పోదు, చూపూ పోదు. అందుకే రెండు గొట్టాల అంచులను ఏటవాలుగా అరగదీసి, మధ్య కొద్దిపాటి సందు వదిలి, ఆ సందులో మొదటి వరుస వేస్తారు. దీనిని రూట్ పాస్ అంటారు. బయటినుంచే వేసినా అది లోపలి అంచు దాకా కరిగి అక్కడ సన్నగా, సమంగా పొంగాలి. ఎక్కువ పొంగితే ప్రవాహానికి అడ్డు తగులుతుంది, లోపలిదాకా కరగకపోతే పగులు అక్కడినుంచే మొదలవుతుంది. చిట్టెం శుభ్రంగా రాల్చి దాని మీద మరికొన్ని వరుసలు నింపిన తరువాత, చూసేవారికి కనిపించేది అన్నిటికంటే పైనున్న ఆఖరి వరుస అందమొక్కటే. ఈ విద్యలో కష్టమైన స్థితిని 6జి అని పిలుస్తారు: గొట్టాన్ని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు, అతికేవాడే దాని చుట్టూ మెసలాలి, అడుగునుంచి పక్కకు, పక్కనుంచి పైకి కోణం మారిన కొద్దీ కరిగిన లోహం జారిపోకుండా రాడ్డు వాలునూ వేగాన్నీ చెయ్యి తానే సవరించుకోవాలి. వింటే వచ్చే విద్య కాదిది.

అతికిన పరీక్షాఖండాన్ని తరువాత పట్టీలుగా కోసి, యంత్రంలో గుర్రపు నాడాలా వంచుతారు. వంపు మీద 3 మిల్లీమీటర్లను మించిన చీలిక తెరుచుకుంటే అతుకు తప్పినట్టే. అయితే నెగ్గిన ముక్క కూడా ఏ బాయిలరుకూ ఏ ఓడకూ చేరదు, అదీ తుక్కులోకే పోతుంది. ఎవరికీ ఉపయోగపడని అతుకును, ఎందరో దాని మీద ఆధారపడినంత శ్రద్ధగా, వందలసార్లు వేయడమే ఈ శిక్షణ. నిష్కామకర్మకు ఉదాహరణలు వెతికే వ్యాఖ్యాతలు యజ్ఞశాలకు వెళ్ళినంత తరచుగా ఇటువంటి కర్మశాలకు రాలేదు.

కర్మలలో కౌశలమే యోగమని గీత రెండో అధ్యాయం చెప్పిన మాటను నేడు పనితనానికి పొగడ్తగా వాడుతున్నారు గాని, శంకరాచార్యుల భాష్యం దానికి వేరే అర్థం చెబుతుంది: బంధించే స్వభావం గల కర్మ, సమబుద్ధితో చేసినప్పుడు ఆ స్వభావాన్ని వదులుకోవడమే కౌశలం. ఈ అర్థమే ప్రకరణానికి సరిపోతుంది. అయినా కుశలుడన్న పదానికే చేతిపని వాసన ఉన్నదని ఆలంకారికులు ఎరుగుదురు. చెయ్యి కోసుకోకుండా దర్భలు తెచ్చేవాడన్న వ్యుత్పత్తి మరుగునపడి నేర్పరి అన్న అర్థం రూఢి కావడాన్ని మమ్మటుడు కావ్యప్రకాశంలో లక్షణావృత్తికి, అంటే పదం ముఖ్యార్థాన్ని విడిచి మరో అర్థాన్ని చెప్పడానికి, ఉదాహరణగా తీసుకున్నాడు. పదునైన దర్భ అయినా, కరిగిన ఉక్కు అయినా, పదార్థం మీద మనసు లేనివాడి చెయ్యి దక్కదు.

చిక్కు విడిపోవాలంటే ఫలమనే మాటను రెండుగా చూడాలి. మీమాంసకులు కంటికి కనిపించే ప్రయోజనాన్ని దృష్టఫలమనీ, స్వర్గంవంటి కనిపించని ప్రయోజనాన్ని అదృష్టఫలమనీ విభజించారు. ఇక్కడ పనికివచ్చే విభజన మరొకటి: పనికి చెందే ఫలం, కర్తకు చెందే ఫలం. అతుకు గట్టితనం మొదటిది, అది పనిలో భాగమే. దానిని కోరకపోవడమంటే పనినే చేయకపోవడం. మార్కులు, మెప్పు, పేరు రెండోవి. రూట్ పాస్ వేసేటప్పుడు ఈ రెండూ విడిపోతాయి, ఎందుకంటే మెప్పు తెచ్చే వరుస పైన ఉంటుంది, భారం మోసే వరుస లోపల ఉంటుంది. 1900 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లో చేసిన ప్రసంగంలో వివేకానందుడు, లక్ష్యం మీద పెట్టినంత దృష్టీ సాధనం మీద కూడా పెట్టాలన్నది తాను నేర్చిన గొప్ప పాఠాలలో ఒకటని చెప్పాడు. ఆ పాఠం గొట్టం లోపలి వైపుకు అచ్చంగా వర్తిస్తుంది.

ఋగ్వేదం పదో మండలంలోని 81వ సూక్తం విశ్వకర్మను ద్యావాపృథివులను, అంటే ఆకాశాన్నీ భూమినీ, బాహువులతో, రెక్కలతో ఊది కలిపినవాడిగా వర్ణిస్తుంది. అదే మండలం 72వ సూక్తంలో బ్రహ్మణస్పతిని కమ్మరితో పోల్చారు. రెండు చోట్లా ఉన్న ధాతువు ధమ్, అంటే ఊదడం, కొలిమిలో గాలి కొట్టి లోహాన్ని కరిగించడం. రక్తనాళాన్ని చెప్పే ధమని ఆ ధాతువునుంచి వచ్చిన మాటే, గొట్టమన్న అర్థం కూడా దానికి ఉంది. ఆ 81వ సూక్తంలోనే విశ్వకర్మ హోతగా సమస్త లోకాలనూ హోమం చేస్తాడు. నిర్మాత తన నిర్మాణాన్ని తన దగ్గర ఉంచుకోడన్న ఊహ ఆ విధంగా గీతకంటే చాలా పాతది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. స్వకర్మతో ఈశ్వరుని అర్చించమన్న గీత పద్దెనిమిదో అధ్యాయపు మాటను పుట్టుకతో ముడిపెట్టిన వ్యాఖ్యాన సంప్రదాయం బలమైనది, కాని ఐ.టి.ఐ. వెల్డర్ తరగతి అడిగేది ఎనిమిదో తరగతి చదువును, కులాన్ని కాదు, కనుక ఆ ముడి అక్కడ సడలుతుంది. అంతకంటే ముఖ్యం, ఫలత్యాగం కర్త తనకు తాను విధించుకునే నియమం. విశాఖ, గంజాం సీమలనుంచి హుగ్లీ ఒడ్డు జనపనార మిల్లులకు వలస వచ్చిన తెలుగు కూలీలకు గాని, నేటి వెల్డర్‌కు గాని దానిని యజమాని విధిస్తే అది గీత కాదు, జీతం ఎగ్గొట్టడమే.

తెలుగునాట పనిముట్లకు పూజ విజయదశమికి జరిగితే, కోల్‌కతాలో కన్యా సంక్రమణం నాడు, సాధారణంగా సెప్టెంబరు 17న జరుగుతుంది. ఏనుగునెక్కిన యువ విశ్వకర్మ విగ్రహాన్ని కర్మాగారాలలో నిలిపి, యంత్రాలు ఆపి, సాయంత్రం దాకా గాలిపటాలు ఎగరేస్తారు. ఆ ఒక్కరోజు పనిముట్టు ముట్టరు.